బేతాళుడు అడగని ప్రశ్న

నెలనెలా వెలువడే కథామాలిక ఏదైనా, అందులోని ప్రతి కథా ఉత్తమంగా ఉండటం అసంభవం. మహాకావ్యాలలోనే నీరసమైన ఘట్టాలు ఉండగా, గడువు తప్పకుండా ముద్రణాలయానికి చేరవలసిన కథలలో హెచ్చుతగ్గులు ఉండటం వింత కాదు. అయితే ఉత్తమమైన కథలను గురించి మనం మాట్లాడుకున్నంతగా బలహీనమైన కథలను గురించి మాట్లాడుకోము. వాటిని మరచిపోవడమే మర్యాద అనుకుంటాము. ఒక కథామాలికను ఏళ్ళ తరబడి ప్రేమించిన పాఠకుడు, అందులో ఒక కథ పేలవంగా ఉన్నదని గ్రహించినప్పుడు ఏమి చేయాలి? మౌనం వహించాలా, ఉన్నమాట చెప్పాలా? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. దానిని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పెద్దల ముందు పెట్టాలన్నదే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

తెలుగునాట కథామాలిక అనగానే నా తరంవారికి స్ఫురించేది ‘చందమామ’లోని బేతాళ కథలు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసు నుంచి ప్రారంభించిన ఆ మాసపత్రికకు 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకూ కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదక బాధ్యత వహించారు. 1950ల మధ్య నుంచి బేతాళ కథలు అందులో ఒక నిత్యశీర్షిక అయినవి. కథ ఎలా మొదలవుతుందో, ఎలా ముగుస్తుందో చదవకముందే అందరికీ తెలుసు. పట్టుదల గల రాజు, చెట్టు, శవం, శ్మశానం, శవంలో దాగిన బేతాళుడు, ఒక కథ, ఒక ప్రశ్న. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. శంకర్‌గారి బొమ్మ లేకుండా ఈ కథలను ఊహించుకోవడం నేటికీ కష్టమే. కత్తి దూసిన చేయి, భుజం మీద వేలాడే శవం, వెనుక చీకటి. ఆ ఒక్క బొమ్మ కథలోని భయాన్నంతటినీ మోసేది. మాటలకంటే ముందు బొమ్మను చదివిన పిల్లలు ఈ దేశంలో ఎందరో!

కోనసీమలోని మా ఊరికి 1970లలో పత్రికలు రాజమండ్రి నుంచి బస్సులో రేవు దాకా వచ్చి, అక్కడి నుంచి పంటి మీద గోదావరి పాయ దాటి వచ్చేవి. వానాకాలంలో వరద పెరిగి పంటి ఆగిపోతే ‘చందమామ’ కూడా అవతలి ఒడ్డునే ఆగిపోయేది. మా ఇంటిలో రెండు భాషలు నడిచేవి. బజారు, బడి, పొలం తెలుగువి. వంటిల్లు, నమాజు, రాత్రిపూట చెప్పుకునే కథలు ఉర్దూవి. మా అమ్మమ్మను మేము నానీ అని పిలిచేవాళ్ళము. ఆమెకు ఉర్దూ చదవడం, రాయడం బాగా వచ్చును. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అమీర్ హమ్జా దాస్తాన్లు, తిలిస్మాత్ కథలు వింటూ పెరిగిన మనిషి కావడం చేత మాంత్రికులూ మాయలూ ఆమెకు కొత్త కాదు. ‘చందమామ’ రాగానే బేతాళ కథను నేను తెలుగులో చదువుతూ మా ఇంటి ఉర్దూలో చెప్పాలి. ఆమె తమలపాకు చుట్టుకుంటూ వినేది.

నానీకి ఒక నియమం ఉండేది. బేతాళుని ప్రశ్న రాగానే పుస్తకం బోర్లించమనేది. రాజు సమాధానం వినడానికి ముందు ఇంటిలోని ప్రతి ఒక్కరూ తమ సమాధానం చెప్పితీరాలి. మామూ ఒకటి చెబితే అమ్మీ మరొకటి చెప్పేది. వాదం పెరిగి అన్నం చల్లారిపోయిన రాత్రులు ఉన్నవి. ఇంటిలో వాదం లేస్తే అది మంచి కథ. అందరూ ఒకే సమాధానం చెప్పినా, ఎవరూ నోరు విప్పకపోయినా అది బలహీనమైన కథ. “ఈ సవాల్ కహానీ అడిగింది కాదు, కాగితం అడిగింది” అని తేల్చి, తమలపాకుల పళ్ళెం అవతలకు జరిపేది. సాహిత్య విమర్శ గ్రంథాలు తరువాత కొన్ని చదివినాను గాని, ఇంతకంటే సూటియైన గీటురాయి నాకు కనిపించలేదు.

ఈ బేతాళ కథల మూలం చాలా ప్రాచీనమైనది. గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథను రచించినాడనీ, ఆ కథలు శాతవాహనుల కాలానికి చెందినవనీ ఐతిహ్యం. ఆ మూలగ్రంథం మనకు దక్కలేదు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర పండితుడు సోమదేవుడు, రాణి సూర్యవతి వినోదార్థం, ఆ కథలను ‘కథాసరిత్సాగరం’గా సంస్కృతంలో పొందుపరిచినాడు. బేతాళుడు విక్రమునికి చెప్పిన కథలు అందులో ఒక భాగం. అదే శతాబ్దంలో మన రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, నన్నయభట్టు మహాభారతాన్ని తెలుగు చేస్తున్నాడని తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఒకే శతాబ్దంలో దేశపు ఉత్తరాగ్రాన ఒక కథాసాగరం, గోదావరి ఒడ్డున ఒక భారతం రూపు దిద్దుకున్నవి.

మన కళాశాలకు ఉన్న రెండో భాషలోకి కూడా బేతాళుడు ఏనాడో వచ్చి చేరినాడు. జయపురం రాజు జైసింగు కోరిక మీద సూరత్ కవీశ్వరుడు ఈ కథలను వ్రజభాషలోకి తెచ్చినాడు. కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో మజ్హర్ అలీఖాన్ ‘విలా’, లల్లూలాల్ కలసి దానిని హిందుస్తానీలోకి మార్చగా 1805లో ‘బైతాల్ పచ్చీసీ’ అచ్చయినది. ఒక ముస్లిం కవి, ఒక బ్రాహ్మణ పండితుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక శవం చెప్పిన కథలను తిరగరాసినారు. ఆ పుస్తకమే కంపెనీ దొరలకు హిందుస్తానీ పరీక్షలలో పాఠ్యగ్రంథం కూడా అయినది. కనుక మా ఇంటిలో నేను తెలుగులో చదివి ఉర్దూలో చెప్పిన పని కొత్తది కాదు. ఆ కథలు భాషలు మారుతూనే బ్రతికినవి.

నేను రాజమండ్రిలో చదువుకునే రోజులలో గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని ‘కథాసరిత్సాగరం’లోని బేతాళ కథలను వరుసగా చదివినాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కటే నానీకి చెప్పేవాణ్ణి. వాటిలో హరిస్వామి కథ మా ఇంటిలో రెండు రాత్రులు నడిచినది. ఒక గృహిణి ఆకలితో వచ్చిన బ్రాహ్మణునికి పాయసం పెట్టింది. అతడు దానిని చెరువు గట్టుకు తీసుకుపోయి చెట్టు కింద పెట్టుకున్నాడు. ఒక గద్ద పామును తన్నుకుపోతూ ఆ చెట్టు మీద వాలింది. పాము నోటి విషం పాయసంలో పడినది. అతడు తిని మరణించినాడు. మరణించే ముందు ఆ గృహిణి పెట్టిన అన్నమే విషమైనదన్నాడు. భర్త ఆమెను బ్రహ్మహత్య చేసినదానివని ఇంటి నుంచి వెళ్ళగొట్టినాడు. పాపం ఎవరిది? పాముదా, గద్దదా, అన్నం పెట్టిన ఇల్లాలిదా?

మామూ గద్దది తప్పన్నాడు. అమ్మీ భర్తది తప్పన్నది. పక్కింటి పంతులుగారు వచ్చి ప్రారబ్ధమన్నారు. విక్రముని సమాధానం అందరినీ మించినది. చావబోతున్న పాముకు స్వాతంత్ర్యం లేదు, గద్ద తన ఆహారం తాను తింటున్నది, ఇల్లాలు ధర్మబుద్ధితో అన్నం పెట్టింది. కాబట్టి విచారించకుండా వీరిలో ఎవరి మీదనైనా నింద మోపేవాడెవడో, పాపం వానిదే. ఈ సమాధానం వినగానే ఇల్లంతా నిశ్శబ్దమైపోయినది. అప్పటిదాకా నిందలు మోపినవారము మేమే కదా! కథ తన శ్రోతలనే బోనులో నిలబెట్టినది. ఉత్తమమైన బేతాళ కథ చేసే పని ఇది. ప్రశ్న కథలో పుడుతుంది, సమాధానం కూడా కథలోనే దొరుకుతుంది, కాని అది వినేవాని జీవితంలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇక నేను చెప్పదలచిన బలహీనమైన కథ ధర్మధ్వజుడనే రాజుది. ఉజ్జయినిని ఏలిన ఆ రాజుకు ముగ్గురు రాణులు. ముగ్గురూ మిక్కిలి సుకుమారులు. రాజు సరసమాడుతూ ఇందులేఖ జుట్టు లాగగా ఆమె చెవిలోని కలువ జారి తొడ మీద పడి గాయమైనది. తారావళి అనే రెండో రాణి మేడ మీద రాజు పక్కన నిద్రించగా, వస్త్రం తొలగిన ఒంటి మీద వెన్నెల పడి బొబ్బలు లేచినవి. మృగాంకవతి అనే మూడో రాణి, దూరాన ఎవరి ఇంటిలోనో వడ్లు దంచుతున్న రోకటి చప్పుడు విన్నది. అంతమాత్రాననే ఆమె అరచేతులు కమిలిపోయినవి. ముగ్గురిలో ఎవరు ఎక్కువ సుకుమారి? అని బేతాళుని ప్రశ్న. మూడో రాణి అని రాజు సమాధానం. కలువ తాకినది, వెన్నెల తాకినది, రోకలి మాత్రం తాకనైనా లేదు కదా అని అతని తర్కం. శవం చెట్టెక్కినది.

నానీ నియమం ప్రకారం ప్రశ్న రాగానే నేను ఆగినాను. అందరూ ఒకేసారి మూడో రాణి అన్నారు. వాదం లేదు, ఆలోచన లేదు. మామూ నవ్వి లేచి వెళ్ళిపోయినాడు. కథ ఓడిపోయినదని నేనూ అనుకున్నాను. నానీ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఉర్దూలో అడిగినది: “బేటా, ఆ రాత్రివేళ వడ్లు దంచుతున్నదెవరు? ఆమె చేతుల మాట ఏమైనా రాశారా?” రాయలేదన్నాను. “ఆమె పేరు?” లేదన్నాను. “అయితే బేతాళుడికి కూడా వినపడలేదన్నమాట” అన్నది ఆమె. అని తన రెండు అరచేతులనూ దీపం వెలుతురులో ఒకసారి తిప్పి చూసుకున్నది.

ఆమె చిన్నతనంలో మా ఊరికి బియ్యపు మిల్లు లేదు. తెల్లవారుజామున లేచి కుందెనలో వడ్లు పోసి, ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి ఒకరి తరువాత ఒకరు రోకలి వేసేవారట. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, చివరకు కాయలు కాసేవి. ఒకసారి కాయలు కాసిన తరువాత ఇక నొప్పి తెలియదనీ, కాని ఆ చేతులతో పసిబిడ్డ చెంప నిమిరితే బిడ్డ ఉలిక్కిపడుతుందనీ ఆమె చెప్పినది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయిన తరువాత ఈ డెల్టా ధాన్యాగారమైనదని చరిత్ర పాఠంలో చదువుకుంటాము. కాటన్ దొర పేరు ఊరూరా విగ్రహమై నిలిచినది. అది న్యాయమే. కాని పండిన ఆ ధాన్యమంతా మిల్లులు వచ్చేదాకా బియ్యమైనది ఎవరి చేతుల మీదుగా? ఆ చేతుల లెక్క ఏ పాఠంలోనూ లేదు. ధర్మధ్వజుని కథలోనూ లేదు.

ఆలోచించగా, ఈ కథ ఎందుకు బలహీనమో నాకు అప్పుడు బోధపడినది. ఇందులో ప్రశ్న ఉన్నది గాని ఇక్కట్టు లేదు. ఏ సమాధానం చెప్పినా ఎవరి బ్రతుకూ మారదు. హరిస్వామి కథలో తప్పుడు సమాధానం చెబితే ఒక నిరపరాధిని వీధిపాలవుతుంది. వీరవరుని కథలో, సేవకుడు తన కుమారుణ్ణి రాజు ప్రాణం కోసం బలి ఇచ్చినప్పుడు, ఎవరి త్యాగం గొప్పదన్న ప్రశ్న ఏలికకూ, కొలువు చేసేవానికీ మధ్యనున్న సంబంధాన్నే తూకం వేస్తుంది. ధర్మధ్వజుని కథలో తూచేది సౌకుమార్యాన్ని మాత్రమే. అది లెక్కల పుస్తకంలో చివర ఇచ్చే జవాబు వంటిది. సరియైనదే, కాని దానివల్ల ఎవరికీ నిద్ర చెడదు. రాజు ఇంత సులభమైన ప్రశ్నకు తన మౌనాన్ని ధారపోసినాడంటే మనకు రాజు మీద జాలి కలగదు, విసుగు కలుగుతుంది.

అయితే కథకుని మీద కోపగించుకోవడం కూడా ఉచితం కాదు. హాస్యం కోసం, అతిశయోక్తి చమత్కారం కోసం ఈ కథ పుట్టి ఉండవచ్చును. రాజాస్థానాలలో చెప్పిన కథలలో రాణుల సౌకుమార్యం ఒక అలంకారం. పాతిక కథల మాలలో ఒక పువ్వు వాడినంత మాత్రాన మాలను పారవేయము. ఒక బలహీనమైన కథ కూడా వినేవారు గట్టివారైతే ఒక బలమైన ప్రశ్నను పుట్టించగలదని ఆ రాత్రి నాకు తెలిసినది. దానిని కథ గొప్పతనంగా లెక్క వేయరాదు. అది శ్రోత గొప్పతనం. బేతాళుడు అడగని ప్రశ్నను ఒక ముసలమ్మ అడిగినది.

‘చందమామ’లోని కథల విషయానికి వస్తే, అక్కడ కారణాలు వేరు. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలు మాత్రమే. నెలకొకటి చొప్పున రెండేళ్ళు దాటగానే ఆ మూట ఖాళీ. పత్రిక ఆ శీర్షికను కొన్ని దశాబ్దాలు నడిపినది. ఏడాదికి 12 చొప్పున యాభై ఏళ్ళకు లెక్క కట్టితే 600 కథలు కావాలి! అందుచేత కొత్త కథలను అల్లుకోక తప్పలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మామూలు కథలకు సంపాదకవర్గం బేతాళుని సందేహాన్నీ, విక్రముని సమాధానాన్నీ జతచేసి ఈ మాలలో గుచ్చేది. జత కుదిరిన నెలలో కథ వెలిగేది. కుదరని నెలలో ప్రశ్న అతికించినట్లుండేది. కథ అప్పటికే ముగిసిపోయి, తేలవలసినదంతా తేలిపోయిన తరువాత బేతాళుడు లేని సందేహాన్ని తెచ్చిపెట్టుకునేవాడు. రాజు కూడా కథలో లేని సంగతులను ఊహించి బదులు చెప్పవలసి వచ్చేది.

ఇంత భారం మోస్తూ కూడా ఆ పత్రిక అంతకాలం నిలబడినదంటే ప్రతి కథా గొప్పదైనందువల్ల కాదు. భాష శుభ్రంగా ఉండేది. వాక్యం తొట్రుపడేది కాదు. బలహీనమైన కథలో కూడా శంకర్‌గారి రేఖ బలహీనపడేది కాదు. పిల్లవాడు ఈ నెల కథ బాగాలేదని పెదవి విరిచినా, వచ్చే నెల పంటి రేవు దగ్గర నిలబడేవాడు. అభిమానం అంటే అదే. అది మెప్పుకోలు మాత్రమే కాదు. పెదవి విరిచిన తరువాత కూడా రేవు దగ్గర నిలబడటం.

ఉర్దూ సాహిత్యంలోనూ ఇటువంటి సన్నివేశాలు ఉన్నవి. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1880లలో ప్రచురించడం మొదలుపెట్టిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాసినవి. తరువాతి వాటిని అహ్మద్ హుసేన్ కమర్ పూర్తి చేసినాడు. చేయి మారిన చోట రుచి మారకుండా ఉంటుందా? జాహ్ గొప్పా, కమర్ గొప్పా అని వాదించుకోవడం ఆ గ్రంథాభిమానులకు నేటికీ ఒక వినోదం. అపరాధ పరిశోధన నవలలతో లక్షలాది పాఠకులను కట్టిపడేసిన ఇబ్నె సఫీ 1960 నుంచి 1963 వరకూ తీవ్రమైన అస్వస్థత వల్ల కలం పట్టలేకపోయినాడు. ఆ వ్యవధిలో అతని పేరును పోలిన పేర్లతో నకిలీ నవలలు బజారును ముంచెత్తినవి. పాత్రలు అవే, ఎత్తుగడలు అవే. కాని పాఠకులు మొదటి పుటలలోనే పట్టేసేవారు. అసలు వాని బలహీనమైన నవలకూ, నకిలీవాని నవలకూ తేడా తెలిసినవాడే నిజమైన పాఠకుడు. చిత్రమేమంటే ఇబ్నె సఫీ 1980 జూలైలోనూ, కొడవటిగంటి కుటుంబరావుగారు అదే సంవత్సరం ఆగస్టులోనూ కన్నుమూసినారు. ఒక్క నెల వ్యవధిలో రెండు భాషల కథాభిమానులూ తమ తమ పెద్దదిక్కును కోల్పోయినారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ప్రేమించిన కథామాలికలో కథ పేలవమైతే పాఠకుడు ఏమి చేయాలి? దీనికి సమాధానం బేతాళ కథల చట్రంలోనే ఉన్నదని నా అభిప్రాయం. తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. ఇది కేవలం భయపెట్టే మాట కాదు. తనకు తెలిసిన సంగతిని లోకమర్యాద కోసమో, స్నేహం కోసమో, భయం కోసమో దాచుకునేవాడు లోలోపల ముక్కలవుతాడని దాని అర్థం. విక్రమునికి మౌనం వల్ల లాభమున్నది. నోరు మెదపకుంటే పని పూర్తవుతుంది. నోరు విప్పిన ప్రతిసారీ చేసిన శ్రమంతా వృథా అవుతుంది. అయినా అతడు నిజం చెప్పి, నష్టపోయి, మళ్ళీ చెట్టు దగ్గరకు నడుస్తాడు. అతని పట్టుదలను గురించి సామెతలు పుట్టినవి గాని, అతని సత్యసంధతను గురించి మనం అంతగా తలచుకోము. శవాన్ని మోయడం కంటే ఆ మాట చెప్పడమే కష్టమైన పని.

అన్ని మౌనాలూ ఒకటి కావన్న సంగతి కూడా ఆ కథలే చెబుతున్నవి. సోమదేవుని చివరి కథలో తండ్రీకొడుకులు తల్లీకూతుళ్ళను వివాహమాడతారు. తండ్రికి కూతురూ, కొడుకుకు తల్లీ భార్యలవుతారు. వారికి పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడు అడుగుతాడు. రాజుకు నిజంగానే తోచదు. మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి తల పగలలేదు. పైగా బేతాళుడు ప్రసన్నుడై, రాజును బలి ఇవ్వాలని చూస్తున్న కపట భిక్షువు గుట్టు విప్పి అతని ప్రాణం కాపాడుతాడు. తెలియనప్పుడు ఊరుకోవడం వివేకం. తెలిసి ఊరుకోవడం ఆత్మద్రోహం. ‘చందమామ’ బేతాళుడు ఆ చివరి మౌనం దాకా పోకుండా, ప్రతి నెలా రాజు చేత నోరు విప్పించి కథను కొనసాగించినాడు. మాల సాగినన్నాళ్ళూ రాజుకు విశ్రాంతి లేదు.

విద్యార్థి మిత్రులకు ఈ సంగతులు పుస్తకాలకే పరిమితం కావని వేరే చెప్పనక్కరలేదు. మిత్రుని కవిత పేలవంగా ఉన్నప్పుడు ‘వాహ్వా’ అనడం మనకు అలవాటు. ముషాయిరాలోనూ, కవిసమ్మేళనంలోనూ చప్పట్లు సమానంగానే మ్రోగుతవి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలలో ఈ మొగమాటం మరికొంత ఎక్కువ. మనవారిని మనమే విమర్శించుకుంటే ఇతరులు ఏమనుకుంటారో అన్న సంకోచం మనలను పట్టి ఉంచుతుంది. ఆ సంకోచానికి మూలం ప్రేమే గాని, ఫలితం మేలు కాదు. మెప్పు తప్ప మరేమీ వినని రచయిత ధర్మధ్వజుని రాణి వంటివాడవుతాడు. దూరాన ఎక్కడో రోకటి చప్పుడైతే చాలు, అతని చేతులు కమిలిపోతవి. కాయలు కాసిన చేతులే పదికాలాలు పని చేయగలవు.

అయితే విమర్శించే హక్కు రేవు దగ్గర నిలబడేవానికే ఉన్నది. చదవకుండానే చప్పరించేవాని మాటకు విలువ లేదు. నానీ ఆ కథను చివరిదాకా విన్నది, మళ్ళీ ఆలోచించినది, ఆ తరువాతనే ప్రశ్న అడిగినది. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. కథ చూడని చోటును చూపించినది, అంతే. విమర్శ చేయవలసిన పని కూడా అదే. కథ బాగాలేదని చెప్పి ఊరుకోవడం సులభం. కథ ఎవరిని మరచిపోయినదో చెప్పగలిగితే అది రచయితకూ, పాఠకునికీ కూడా ఉపకారం.

నేడు ‘చందమామ’ లేదు. 1998లో ఆగి, 1999 చివర మళ్ళీ మొదలై, 2007లో యాజమాన్యం మారి, ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే శాశ్వతంగా నిలిచిపోయినది. శంకర్‌గారు 2020 సెప్టెంబరులో పరమపదించినారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించినది. మా ఊరి రేవు మీద ఇప్పుడు వంతెన ఉన్నది, పంటి లేదు. పత్రిక ఆగినది గాని, పాత సంచికలు అక్కడక్కడా ఇళ్ళలో అటకల మీద ఉన్నవి. ఉర్దూ దాస్తాన్ల సంపుటాలు మన ముస్లిం కుటుంబాల పెట్టెలలో చెదలకు ఆహారమవుతున్నవి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన గ్రంథాలయంలో ఒక బీరువాను ఈ రెండు భాషల కథాసంపుటాలకు కేటాయించవలసినదిగా కోరుతున్నాను. ‘బైతాల్ పచ్చీసీ’, ‘కథాసరిత్సాగరం’, ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’, పాత ‘చందమామ’లు పక్కపక్కన ఉండాలి. ఇళ్ళలోని పాత సంచికలను సేకరించి బైండు చేయించే బాధ్యతను విద్యార్థులే స్వీకరించగలరు. మంచి కథలున్న సంచికలను మాత్రమే ఏరి దాచవద్దు. పేలవమైన కథలనూ ఉంచండి. ఏది ఎందుకు పేలవమో తెలుసుకోవడానికి వాటికి మించిన పాఠ్యగ్రంథం లేదు. ఏడాదికొకసారైనా ఒక కథను ఉర్దూ విద్యార్థులూ, తెలుగు విద్యార్థులూ కలసి చదివి, ప్రశ్న రాగానే పుస్తకం బోర్లించి, వాదించుకోవాలి.

మన ఈ సంచికలో తెలుగు పుటలు ఎడమవైపు నుంచీ, ఉర్దూ పుటలు కుడివైపు నుంచీ మొదలవుతవి. రెండూ నడిమధ్య కలుస్తవి. అటువైపు వారు ఇటువైపు పుటలు తిప్పకుండానే పుస్తకం మూసివేయడం మామూలే. ఈసారి నడిమధ్య పుట దాటి అవతలికి కూడా చూడవలసినదిగా పాఠకులను కోరుతున్నాను. అక్కడ ఏదైనా రచన బాగుంటే ఆ రచయితను పిలిచి చెప్పండి. బాగాలేకపోతే, అది ఎవరి చేతులను చూడలేదో ఆలోచించి, ఆ మాట కూడా పిలిచే చెప్పండి. ఈ వ్యాసానికీ అదే నియమం వర్తిస్తుంది.